బెజవాడలో పుట్టి వాల్తేరు చేరిన విశ్వవిద్యాలయం

విశ్వవిద్యాలయం అనగానే మన ముస్లిం కుటుంబాల్లో పెద్దల నోట ముందుగా వచ్చే పేర్లు రెండు. మొదటిది అలీగఢ్, రెండవది ఉస్మానియా. సర్ సయ్యద్ అహ్మద్ ఖాన్ 1875లో నాటిన విద్యాలయం 1920లో విశ్వవిద్యాలయంగా ఎదిగిన వైనం, ఏడవ నిజాం ఫర్మానాతో 1918లో ఉర్దూ బోధనాభాషగా ఉస్మానియా ఏర్పడిన వైనం మన ఇళ్ళలో తరతరాలుగా వినిపిస్తున్నవే. అవి వినదగిన కథలే. కాని ఈ ఊరిలోనే, ఈ కృష్ణ ఒడ్డునే పురుడు పోసుకున్న మరొక పెద్ద విశ్వవిద్యాలయం మనలో ఎందరికి గుర్తుంది? ఆంధ్ర విశ్వవిద్యాలయం విశాఖపట్నానిదని అందరమూ అనుకుంటాము. 1926 ఏప్రిల్ 26న అది స్థాపితమైననాడు దాని కేంద్రస్థానం బెజవాడ.

గవర్నర్‌పేటలో తిరిగేవారికి ఈ సంగతి వింతగా తోచదు. ఏలూరు, రైవస్, బందరు కాలువలు చీల్చుకొనిపోయే ఈ నగరపు నడిబొడ్డున పుస్తకానికి మొదటినుండీ చోటు ఉంది. 1914లో ఆంధ్రదేశ గ్రంథాలయ ప్రతినిధుల తొలి మహాసభ అయ్యంకి వెంకట రమణయ్యగారి పూనికతో జరిగింది బెజవాడలోనే. ఆనాటి గ్రంథాలయోద్యమపు ఊపిరి రామమోహన గ్రంథాలయం పేరులో నేటికీ మిగిలి ఉంది. ఏలూరు రోడ్డు పొడవునా ప్రచురణకర్తల దుకాణాలు. లెనిన్ సెంటర్‌లో కాలిబాట మీద పాత పుస్తకాల అంగళ్ళు. ప్రవేశాల రోజుల్లో సాయంత్రం అస్ర్ నమాజు తరువాత అటు వెళ్ళిచూడండి. గుడివాడ నుండి, నూజివీడు నుండి, అవనిగడ్డ నుండి వచ్చిన పిల్లలు చేతిలో కాగితం ముక్క పట్టుకొని, కట్టలు విప్పించుకొని వెతుకుతూ ఉంటారు. బురఖా వేసుకున్న తల్లి ఒకామె పుస్తకాన్ని వెనుకనుండి ముందుకు తిప్పి, చివరి పుటలు ఉన్నాయో లేవో చూసి, ఆ తరువాతనే ధర అడగడం మేము చూశాము. బేరం ఎక్కడ మొదలుపెట్టాలో ఆమెకు బాగా తెలుసు. చదువు ఖర్చు అంటే ఏమిటో తెలిసినవారు మన ఇళ్ళలో తల్లులే.

ఇంతకూ ఆ విశ్వవిద్యాలయం ఇక్కడ ఎందుకు నిలవలేదు? తెలుగు జిల్లాలకు ప్రత్యేక విశ్వవిద్యాలయం కావాలన్న కోరిక ఆంధ్రోద్యమంతోపాటే పెరిగింది. అప్పటిదాకా కృష్ణాజిల్లా పిల్లవాడు పట్టభద్రుడు కావాలంటే మద్రాసు విశ్వవిద్యాలయమే గతి. మద్రాసు శాసనమండలిలో విద్యామంత్రి ఏ.పి. పాత్రోగారు బిల్లు తెచ్చారు. 1926లో అది చట్టమైంది. కట్టమంచి రామలింగారెడ్డిగారు తొలి ఉపకులపతి. బెజవాడ ఇటు కోస్తాకు, అటు సీడెడ్ జిల్లాలకు నడుమ ఉన్న రైలుకూడలి. అది కేంద్రంగా తగినదే. కాని చట్టం చేసినంత మాత్రాన తగవు తీరలేదు. రాజమహేంద్రవరంవారు తమ ఊరు తగినదన్నారు, విశాఖవారు తమదన్నారు, రాయలసీమవారు అనంతపురం మాట ఎత్తారు. సీమ జిల్లాలు చివరకు మద్రాసు విశ్వవిద్యాలయంలోనే ఉండిపోయాయి. 1954లో తిరుపతిలో శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయం వచ్చేదాకా వారికి వేరే గూడు దొరకలేదు. బెజవాడలో ఉన్న నాలుగేండ్లూ ఆంధ్ర విశ్వవిద్యాలయం ప్రధానంగా కళాశాలలను అనుబంధం చేసుకొని పరీక్షలు నడిపే కార్యాలయమే. తానుగా పాఠం చెప్పే తరగతి గదులు దానికి ఇంకా ఏర్పడలేదు. 1930లో అది వాల్తేరు మిట్టలకు తరలిపోయింది.

అక్కడ దానికి రెండు లభించాయి: విశాలమైన భూమి, దాతలు. జయపూర్ మహారాజా విక్రమదేవవర్మగారు ఏటా లక్ష రూపాయలు ఇచ్చే ఏర్పాటు చేశారు. ఆనాటి లక్ష రూపాయల విలువ ఊహించుకోవచ్చు. విజ్ఞాన, సాంకేతిక కళాశాల ఆయన పేరునే నిలిచింది. రామలింగారెడ్డిగారు ఆంగ్ల ప్రభుత్వపు అణచివేతకు నిరసనగా పదవి వదులుకోగా, 1931లో సర్వేపల్లి రాధాకృష్ణన్‌గారు ఉపకులపతిగా వచ్చారు. 1931లో ఆర్ట్స్ కళాశాల, మరుసటి ఏడు సైన్సు కళాశాల మొదలయ్యాయి. అధ్యాపకులను ఏరి తేవడంలో రాధాకృష్ణన్‌గారు ప్రాంతం చూడలేదు, మతం చూడలేదు. మన పాఠకులు ప్రత్యేకంగా గుర్తుంచుకోవలసిన పేరు ఒకటి ఉంది. ఆక్స్‌ఫర్డ్ చదువు ముగించుకొని వచ్చిన బెంగాలీ ముస్లిం యువకుడు హుమాయూన్ కబీర్ తొలిసారి పాఠం చెప్పడం మొదలుపెట్టింది వాల్తేరులోనే. తరువాత ఆయన స్వతంత్ర భారతదేశంలో కేంద్ర విద్యాశాఖ బాధ్యతలు చూశారు. కృష్ణాజిల్లాలో పుట్టిన సూరి భగవంతంగారు చిన్న వయసులోనే భౌతికశాస్త్ర శాఖకు పేరు తెచ్చారు.

రెండవ ప్రపంచయుద్ధంలో, 1942 ఏప్రిల్ 6న, జపాను విమానాలు విశాఖపై బాంబులు వేశాయి. ప్రాంగణం సైన్యానికి అవసరమైంది. విశ్వవిద్యాలయం గుంటూరుకు వచ్చింది. కృష్ణానదికి ఆవలి ఒడ్డున కొన్నేళ్ళు తలదాచుకొని, యుద్ధం ముగిశాక మళ్ళీ సముద్రం ఒడ్డుకు వెళ్ళింది. బెజవాడ మాత్రం దానికి మరల ఇల్లు కాలేదు. అయినా తెగతెంపులు కాలేదు. 1976లో నాగార్జున విశ్వవిద్యాలయం ఏర్పడేవరకు విజయవాడ కళాశాలల్లో చదివిన ప్రతి పట్టభద్రుని పట్టా మీద ఉన్నది ఆంధ్ర విశ్వవిద్యాలయం పేరే. మీ ఇంట్లో తాతగారి ఇనుపపెట్టె ఉంటే అడుగున చూడండి. 1937లో ఆరంభమైన ఎస్.ఆర్.ఆర్. అండ్ సి.వి.ఆర్. కళాశాలలో చదివినవారి పట్టా అయితే ఆ ముద్ర తప్పక కనిపిస్తుంది. 2008లో మచిలీపట్నంలో కృష్ణా విశ్వవిద్యాలయం వచ్చాక ఈ జిల్లా విద్యార్థికి ఇంటికి దగ్గరలోనే మరో దారి తెరుచుకుంది. దగ్గరి దారి మంచిదే. అయితే కొన్ని శాఖలకు, కొన్ని ప్రయోగశాలలకు, కొందరు గురువులకు నేటికీ దూరం పోవలసిందే.

ఆ దూరం ఎంతో కొలవడానికే మేము వాల్తేరు వెళ్ళాము. రైలుపట్టాల లెక్కలో అది 350 కిలోమీటర్లు. కుటుంబాల లెక్కలో ఎంతో తెలియాలంటే ఒక కుటుంబంతో కలిసి వెళ్ళాలి. వించిపేటకు చెందిన ఒక అమ్మాయికి పోస్టుగ్రాడ్యుయేట్ ప్రవేశపరీక్షలో మంచి ర్యాంకు వచ్చి, సంఖ్యాశాస్త్రంలో సీటు దొరికింది. తండ్రి ఆటోనగర్‌లో లారీల ఇంజన్లు విప్పి బిగించే మేస్త్రీ. ఇంటిలో ఆరుగురు. తల్లి దుస్తులు కుడుతుంది. అమ్మాయి డిగ్రీ చదువుతూనే చుట్టుపక్కల పిల్లలకు లెక్కలు చెప్పి ఇంటి అద్దెలో కొంత భారం మోస్తూ వచ్చింది. ఆ కుటుంబంలో ఇంతవరకు ఆడపిల్ల ఊరు దాటి చదివింది లేదు. ప్రవేశానికి తేదీ దగ్గరపడుతున్నా తండ్రి ఎటూ తేల్చుకోలేదు. చివరకు, సీటు తీసుకోవడం తరువాతి మాట, ముందు చోటు చూసివద్దామని ఒప్పుకున్నారు. తోడుగా మమ్మల్ని రమ్మన్నారు.

ఫజ్ర్ నమాజు ముగించుకొని రత్నాచల్ ఎక్స్‌ప్రెస్ ఎక్కాము. అది మన విజయవాడలోనే బయలుదేరి విశాఖలో ఆగిపోయే బండి. విద్యార్థుల బండి అనవచ్చు. సంచులు, బకెట్లు, చుట్టిన పరుపులు ఏ పెట్టెలో చూసినా ఉంటాయి. గన్నవరం, ఏలూరు, తాడేపల్లిగూడెం దాటేవరకు కిటికీలకు ఇరువైపులా వరిమళ్ళు. కొవ్వూరు దాటి గోదావరి వంతెన ఎక్కగానే పెట్టెలో సగంమంది లేచి నిలబడ్డారు. అమ్మాయి కూడా కిటికీ దగ్గరకు జరిగింది. తండ్రి మాత్రం కూర్చున్నచోటనే కూర్చొని జేబులోనుండి చిన్న డైరీ తీశారు.

"భాయ్‌సాబ్, ఫీజు అంటే నాకు భయం లేదండి," అన్నారు. "దానికి సర్కారు ఉంది అంటున్నారు. బిడ్డ అక్కడ ఏం తింటుంది, ఎక్కడ పడుకుంటుంది, జ్వరం వస్తే ఎవరు చూస్తారు, పండక్కి ఎట్లా వస్తుంది... అదే నా దిగులు."

డైరీలో ఆయన రాసుకున్న పద్దులు చూశాము. పరుపు, బకెట్టు, తాళం, రానుపోను రైలు ఛార్జీలు, నెలకు భోజనం, ఫోను, పుస్తకాలు. అన్నిటికంటె కింద, గీత గీసి, ఉర్దూలో ఒక పద్దు ఉంది: అమ్మాయి ట్యూషన్ల డబ్బు. అది ఖర్చు కాదు. ఆమె వెళ్ళిపోతే ఇంటికి రాకుండాపోయే రాబడి. ఏ ప్రభుత్వ పథకంలోనూ ఈ పద్దుకు గడి ఉండదు. పేద ఇంటి బిడ్డ చదువు ఆగిపోయేది చాలాసార్లు ఇక్కడే. మనం వేదికల మీద విద్య ప్రాముఖ్యాన్ని గంటలు గంటలు చెబుతాము, ఈ పద్దు మాట ఎత్తము.

విశాఖ స్టేషనులో దిగి జుహ్ర్ ఖస్ర్‌గా చదువుకొని ఆటోలో మిట్ట ఎక్కాము. సిరిపురం దాటాక రోడ్డు వెడల్పై, చెట్లు దట్టమై, గాలిలో ఉప్పదనం తెలిసింది. ప్రాంగణంలో పాత రాతి కట్టడాలు కొన్ని, కొత్త సిమెంటు కట్టడాలు మరెన్నో. వీథులంత పొడవైన దారులు. ఒక శాఖనుండి మరొక శాఖకు నడిచేసరికి అమ్మాయి తండ్రికి ఆయాసం వచ్చింది. "ఇదొక ఊరే!" అన్నారు. నిజమే. బ్యాంకు, తపాలా కార్యాలయం, ఆసుపత్రి, ఆటమైదానాలు, సైకిళ్ళు బాగుచేసే చోటు అన్నీ లోపలే ఉన్నాయి. మాజీ ఉపకులపతి డాక్టర్ వి.ఎస్. కృష్ణగారి పేరిట ఉన్న గ్రంథాలయంలో పట్టపగలు కూడా ఖాళీ కుర్చీ వెతుక్కోవలసివచ్చింది. తరగతి పుస్తకాలు చదివేవారు కొందరు, పోటీపరీక్షలకు సిద్ధమయ్యేవారు మరికొందరు. ఇంటివద్ద ఒక్క గదిలో ఆరుగురు ఉండే పిల్లకు రాత్రిదాకా వెలుతురు, బల్ల, నిశ్శబ్దం ఉచితంగా దొరకడం చిన్న సంగతి కాదు. విశ్వవిద్యాలయం ఇచ్చే వాటిలో పట్టా తరువాత విలువైనది అదేనని మాకు అనిపించింది.

విద్యార్థుల జీవితం గురించి వారినే అడిగాము. శ్రీకాకుళం నుండి వచ్చిన ఒక అమ్మాయి మెస్సు పద్ధతి వివరించింది. నెలలో అయిన మొత్తం ఖర్చును తిన్న పూటల లెక్కన అందరికీ పంచుతారు. కూరగాయల ధర పెరిగితే బిల్లు పెరుగుతుంది. ఊరికి వెళ్ళినప్పుడు ముందుగా చెప్పి పేరు తీయించుకుంటే తగ్గుతుంది. అందుకే నెలాఖరున బిల్లు కాగితం గోడకు అంటించగానే అందరూ గుమిగూడతారట. నూజివీడు ప్రాంతపు కుర్రవాడు ఒకడు, మన వాడే, హలాల్ సంగతి చెప్పాడు. మాంసం వండేరోజు తాను గుడ్డు, పప్పుతో సరిపెట్టుకుంటానన్నాడు. రంజాన్‌లో సహరీకి నలుగురు కలిసి విద్యుత్ కెటిల్‌తో ఏదో ఒకటి ఏర్పాటు చేసుకుంటారట. పక్క గదిలోని హిందూ మిత్రుడు తానే అలారం పెట్టుకొని వీరిని లేపుతాడని నవ్వుతూ చెప్పాడు. సాయంత్రాలు కొందరు ట్యూషన్లు చెబుతారు, కొందరు సముద్రం ఒడ్డుకు పోతారు. ఒడ్డున కూర్చోవడానికి రుసుము లేదు గనుక అది పేద విద్యార్థికి పెద్ద విలాసం.

ట్యూషన్ల మాట వినగానే అమ్మాయి తండ్రివైపు చూసింది. ఆయన డైరీ తీయలేదు గాని, ఆ మాట మరొకసారి చెప్పించుకున్నారు.

ఇక డబ్బు సంగతి. మన పాఠకులు తరచు అడిగేది ఇదే గనుక కాస్త వివరంగా రాస్తున్నాము. ప్రభుత్వ విశ్వవిద్యాలయపు రెగ్యులర్ కోర్సులో ఫీజు భారం, అదే చదువును ప్రైవేటు కళాశాలలో చదివితే అయ్యే దానితో పోలిస్తే తక్కువ. దానికి తోడు 2008 ప్రాంతంలో మొదలైన బోధనా రుసుముల చెల్లింపు పథకం ఉంది. ప్రభుత్వాలు మారినప్పుడల్లా పేరు మారుతూ వచ్చినా, పథకం అదే. 2020లో పోస్టుగ్రాడ్యుయేట్ చదువులకు ప్రైవేటు కళాశాలల్లో ఈ సదుపాయాన్ని తొలగించి, విశ్వవిద్యాలయ కళాశాలల్లో కొనసాగించారు. ప్రభుత్వ సీటు విలువ అప్పుడే చాలామందికి అర్థమైంది. అదే ఏడాది భోజన, వసతి ఖర్చులకు ఐ.టి.ఐ. విద్యార్థికి ఏటా 10 వేలు, పాలిటెక్నిక్ విద్యార్థికి 15 వేలు, డిగ్రీ, ఆపై చదువులకు 20 వేల రూపాయలు రెండు విడతలుగా ఇచ్చే పద్ధతి ప్రకటించారు. 20 వేలను పది నెలలకు పంచితే నెలకు రెండువేలు. మెస్సు బిల్లులో అది ఎంతవరకు వస్తుందో ఏ గృహిణి అయినా లెక్క కట్టగలదు. పైగా విడత డబ్బు బిల్లు తేదీ చూసుకొని రాదు.

రిజర్వేషన్ విషయంలో మన ఇళ్ళలో అయోమయం ఎక్కువ. 2007 చట్టం ముస్లింలలోని 14 వెనుకబడిన వర్గాలకు బి.సి. ఇ గ్రూపు కింద 4 శాతం కల్పించింది. సుప్రీంకోర్టు 2010 నాటి మధ్యంతర ఉత్తర్వు నీడలో అది నడుస్తోంది. షేక్‌లు ఇందులో ఉన్నారు. సయ్యద్, మొఘల్, పఠాన్ వర్గాలు లేవు. ఆదాయం తక్కువైతే వారు ఆర్థికంగా వెనుకబడిన వర్గాల కోటా కింద దరఖాస్తు చేసుకోవచ్చు. దూదేకులవారు బి.సి. బి గ్రూపువారు. ధ్రువపత్రంలో ఒక్క అక్షరం తేడా వస్తే సీటు చేజారుతుంది గనుక ప్రవేశపరీక్ష రాయడానికి ముందే మీసేవలో పత్రం తీసి సరిచూసుకోవాలి. పరిశోధన చేసే అల్పసంఖ్యాక విద్యార్థులకు 2009 నుండి అండగా ఉన్న మౌలానా ఆజాద్ జాతీయ ఫెలోషిప్‌ను కేంద్రం 2022లో ఆపివేసింది. ఆ లోటును మరేదీ పూడ్చలేదని మా అభిప్రాయం.

మన చరిత్రలో విద్య గురించి మాట్లాడేటప్పుడు 859లో ఫాతిమా అల్ ఫిహ్రీ మొరాకోలోని ఫెజ్ నగరంలో కట్టించిన ఖరవియ్యీన్ పేరు అందరూ ఎత్తుతారు. గర్వపడి ఊరుకుంటారు. ఆ విద్యాలయాల్లో పిల్లవాడు రాత్రి ఏం తిన్నాడు, దీపంలో నూనె ఎవరు పోశారు అని ఎవరూ అడగరు. అడిగితే ఆ కథ ఇంకా గొప్పగా ఉంటుంది. మదీనాలో దైవప్రవక్త (స) మసీదు చివర నీడపట్టున ఉన్న సుఫ్ఫా అరుగును తలచుకోండి. ఇల్లు లేని సహచరులు అక్కడే ఉండి విద్య నేర్చారు. హజ్రత్ అబూ హురైరా (రజి) వారిలో ఒకరు. వారి కడుపు సంగతి స్వయంగా దైవప్రవక్త (స) చూసుకున్నారు. ఇంట్లో తిండి ఉన్న సహచరులు తలా ఒకరినో ఇద్దరినో వెంట తీసుకుపోయేవారు. మన తొలి పాఠశాల, తొలి వసతిగృహం రెండూ ఒకే కప్పు కింద ఉన్నాయి.

బాగ్దాద్‌లో ఖలీఫా అల్ ముస్తన్సిర్ 1227లో మొదలుపెట్టించి 1234లో తెరిపించిన ముస్తన్సిరియా మద్రసా సంగతి మరీ వివరంగా గ్రంథస్థమై ఉంది. నాలుగు ఫిఖ్‌హ్ పద్ధతులకూ సమానంగా చోటు. ఒక్కొక్కదానికి 62 మంది విద్యార్థులు. ప్రతి విద్యార్థికి రోజూ రొట్టె, మాంసం. నెలకు ఒక బంగారు దీనారు. కాగితం, సిరా, దీపానికి నూనె. లోపలే వంటశాల, స్నానశాల, వైద్యం. ఇదంతా వక్ఫ్ ఆస్తుల రాబడి మీద నడిచింది. దీనారు ఎందుకు ఇచ్చారో చూడండి. తిండి, బస దొరికాక కూడా విద్యార్థికి చేతిఖర్చు ఉంటుంది, ఇంటికి పంపవలసింది ఉంటుంది. ఆటోనగర్ మేస్త్రీగారి డైరీలోని చివరి పద్దు ఆనాటి వక్ఫ్ కర్తకు తెలుసు.

ఇమామ్ అబూ హనీఫా (రహ్మలై)గారికీ అది తెలుసు. ఆయన శిష్యుడు అబూ యూసుఫ్ కడుపేద. పాఠాలు మాని ఏదైనా సంపాదించి పెట్టమని ఇంట్లోవాళ్ళు అతన్ని ఆపివేశారు. శిష్యుడు తరగతికి రాకపోవడం ఇమామ్‌గారు గమనించారు. మళ్ళీ వచ్చిననాడు, అందరూ వెళ్ళాక, నూరు దిర్హమ్‌ల సంచి చేతిలో పెట్టి, అయిపోతే చెప్పమన్నారు. చెప్పవలసిన అవసరం రాకుండానే ఆ సంచి మళ్ళీ మళ్ళీ నిండుతూ వచ్చిందని గ్రంథకర్తలు రాశారు. ఆ పేద పిల్లవాడే హారూన్ రషీద్ కాలంలో ప్రధాన ఖాజీ అయ్యారు. ఇక్కడ ఫీజు అన్న మాటే లేదు. ఇంటి రాబడిలో పడిన గండిని గురువు పూడ్చారు.

సంఖ్యాశాస్త్ర శాఖ మెట్ల మీద కూర్చొని మేము ఆ అమ్మాయికి మరొక విద్యార్థి కథ చెప్పాము. 1920లో పుట్టిన కల్యంపూడి రాధాకృష్ణారావు చిన్ననాడు మన నూజివీడు, నందిగామ బడులలో చదివి, తరువాత ఇదే విశ్వవిద్యాలయంలో గణితం ముగించారు. తెల్లవారుజామున నాలుగింటికే లేపి, నూనెదీపం వెలిగించి తనను చదువుకు కూర్చోబెట్టిన తల్లికి ఆయన తన గ్రంథం ఒకటి అంకితం చేశారు. ఇక్కడే పరిశోధన చేయాలని ఉపకారవేతనానికి దరఖాస్తు పెడితే, గడువు దాటి అందిందని తోసిపుచ్చారు. పని వెతుక్కుంటూ కలకత్తా వెళ్ళి, అక్కడి భారతీయ సంఖ్యాశాస్త్ర సంస్థలో చేరారు. ప్రపంచం సి.ఆర్. రావుగా ఎరిగింది ఆయననే. 2023లో సంఖ్యాశాస్త్రపు అంతర్జాతీయ బహుమతి అందుకొని, అదే ఏడు ఆగస్టులో 102 ఏండ్ల వయసున కన్నుమూశారు.

కథంతా విన్న తండ్రి దీపాన్ని గురించి గాని, బహుమతిని గురించి గాని అడగలేదు. "గడువు దాటితే అంత పెద్దమనిషికే ఇవ్వలేదా?" అన్నారు. తరువాత, "మనకు గడువు ఎప్పటిదాకా ఉంది అమ్మీ?" అని కూతురిని అడిగారు.

"రేపు సాయంత్రం అయిదింటిదాకా, అబ్బా."

ఆ రాత్రి విశాఖలోనే ఒక బంధువుల ఇంట ఆగిపోయాము. మరునాడు ఉదయం పత్రాలన్నీ వరుసగా పేర్చుకొని వెళ్ళాము: పదవ తరగతి నుండి డిగ్రీవరకు మార్కుల జాబితాలు, టీసీ, స్టడీ సర్టిఫికెట్లు, కుల ధ్రువపత్రం, ఆదాయ ధ్రువపత్రం, రేషన్ కార్డు, ఆధార్, తల్లి బ్యాంకు ఖాతా పుస్తకం, ప్రతిదానికి మూడేసి నకళ్ళు. నకళ్ళు మాత్రం ఊరిలోనే తీయించుకొని పోవడం మేలు. ప్రవేశాలనాడు జిరాక్సు దుకాణం దగ్గర వరుస పరీక్షకంటె కఠినం. వసతిగృహంలో గది ఆనాడే చేతికి రాలేదు. జాబితా వచ్చేదాకా కొన్నాళ్ళు వేచి చూడాలన్నారు. బయటి ఊరి ఆడపిల్ల తల్లిదండ్రులు ఈ కొన్నాళ్ళకు ముందే బస చూసి ఉంచుకోవాలి. బంధువులు లేనివారు ఏం చేస్తారన్నది మా మనసులో ముల్లులా ఉండిపోయింది. విశాఖలో మన జమాఅత్‌లవారు ప్రవేశాల నెలలో పదిమంది ఆడపిల్లలకు చోటు చూపగలిగితే, ఎన్నో డైరీల్లో ఒక పద్దు కొట్టివేయవచ్చు.

తిరుగు ప్రయాణంలో తండ్రి, మేము ఇద్దరమే. మొదటి విడత ఉపకారవేతనం వచ్చేలోపు నాలుగైదు నెలల మెస్సు బిల్లు ఎలా అన్నదే మిగిలిన చిక్కు. దానం ఆయన పుచ్చుకోరు. అడగడం కూడా బాగుండదు. గవర్నర్‌పేటకు వచ్చాక, అక్కడ దుకాణాలు నడిపే నలుగురు మిత్రులతో మాట్లాడాము. వడ్డీ లేని ఖర్జె హసన్‌గా ఆరునెలల బిల్లుకు సరిపడే మొత్తం సమకూడింది. మేస్త్రీగారు నోటు రాసి ఇస్తానంటే రాయించుకున్నాము. సాక్షులను పెట్టి అప్పు రాసుకోవాలన్నది ధర్మం చెప్పిన పద్ధతే గదా. విడత డబ్బు వచ్చినప్పుడు తిరిగి కట్టాలి, కట్టినది మరొక విద్యార్థికి పోవాలి. షరతులు ఇంతే. ఇంటి అద్దెలో లోటుకు మాత్రం తల్లి రాత్రిపూట మరి రెండు గంటలు మిషను మీద కూర్చుంటోంది. దానికి మావద్ద ఉపాయం లేదు.

మొదటి విడత ఇంకా రాలేదు. అమ్మాయి నెలనెలా గోడకు అంటించిన మెస్సు బిల్లును ఫోటో తీసి పంపుతోంది. గత నెలది కాస్త తగ్గింది. వారాంతాల్లో మద్దిలపాలెంలో ఇద్దరు పిల్లలకు లెక్కలు చెబుతోందట, శనివారం మధ్యాహ్నం భోజనం ఆ ఇంటివారే పెడుతున్నారట.